గడుసుపిల్ల సినిమా ఏది పెట్టాలి? ఏడుగురు పిల్లలు, ఒక అవ్వ, ఒకే టీవీ

పాతకాలపు కథలో గడుసైన ఆడపిల్ల ముఖ్యపాత్రగా ఉండి, ఇంటిల్లిపాదీ కలిసి చూడగల సినిమా ఏది అన్నదే ఇక్కడి ప్రశ్న. తొందరలో ఉన్నవాళ్ళకు ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఏడెనిమిదేళ్ళు దాటిన పిల్లలున్నారు, ఖాళీ ఒక్క సాయంత్రమే అంటే 2008లో వచ్చిన ‘కిట్ కిట్రెడ్జ్: యాన్ అమెరికన్ గర్ల్’ పెట్టండి. ఇంగ్లీషు రాని అవ్వాతాతలు కూడా కూర్చుంటారంటే 1995 నాటి ‘ఎ లిటిల్ ప్రిన్సెస్’. ఇంట్లో అలిగి మూలన కూర్చునే పిల్ల ఒకతి ఉంటే 1993 నాటి ‘ది సీక్రెట్ గార్డెన్’. పదేళ్ళు దాటిన ఆడపిల్లలు, రెండు రాత్రుల తీరిక ఉంటే 1985 నాటి ‘యాన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్’. తెలుగే కావాలంటే ‘మల్లీశ్వరి’ ఉంది, కాకపోతే దానికో షరతు ఉంది. ఎందుకిలా అంటున్నానో తెలుసుకోవాలంటే కాస్త ఓపిగ్గా చదవండి.

మేముండేది తిరుపతిలో. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడ్డానికి మా అక్క పిల్లలు, తమ్ముడి పిల్లలు, చెల్లెలి కూతురు అందరూ మా ఇంట్లో దిగుతారు. జాతర అయ్యాక అందరం చిత్తూరులో అమ్మ దగ్గరికి వెళ్తాం. పగలంతా మామిడికాయలు, సాయంత్రం మిద్దె మీద నీళ్ళు చల్లుకోవడం, రాత్రి అన్నాలయ్యాక సినిమా. పోయిన వేసవికి ఏడుగురిలో పెద్దోడికి పద్నాలుగు, అందరికన్నా చిన్నోడికి అయిదు. మధ్యలో అమ్మ, అంటే పిల్లలకు అవ్వ. ఆమెకు ఇంగ్లీషు రాదు, కానీ టీవీ ముందు నుంచి లేవదు. ఇంతమందికీ సరిపోయే సినిమా వెతకడం నా డ్యూటీ. నాలుగు వేసవులుగా చేస్తున్నాను కాబట్టి తప్పులు కూడా బాగానే చేశాను.

మొదటి తప్పు చెప్పుకుంటే మీకు పనికొస్తుంది. ‘యాన్’ అని వెతికితే రెండు మూడు కనబడతాయి. నేను చూడకుండా 2017లో మొదలైన ‘యాన్ విత్ యాన్ ఇ’ సిరీస్ పెట్టేశాను. పిల్ల అదే, కథ అదే, కానీ అందులో ఆ పిల్ల అంతకుముందు తిన్న దెబ్బలు మొదటి ఎపిసోడ్‌లోనే ఆమెకు గుర్తొస్తుంటాయి. ఇరవై నిమిషాలకే చిన్నోడు అవ్వ కొంగులో తలపెట్టి ఏడుపు. సిరీస్ మంచిదే, పెద్దపిల్లలు తర్వాత తమంతట తాము చూశారు కూడా. అయిదేళ్ళవాడి ముందు పెట్టడమే నా బుద్ధితక్కువ. అందుకే పేరొక్కటే కాకుండా సంవత్సరం కూడా చూసుకోమంటున్నాను. ఈ కథలు చాలావాటిని రెండు మూడుసార్లు తీశారు, ఒక్కో దాని పోకడ ఒక్కోలా ఉంటుంది.

రెండో తప్పు ‘నీతి’ వెతకడం. పిల్లలకు ఏం నేర్పుతుంది అని చూసి పెట్టిన సినిమాలు పది నిమిషాల్లో ఫోన్లకు ఓడిపోయాయి. ఇప్పుడు నేను చూసేది ఒకటే: ఆ పిల్లకు సినిమాలో చేతినిండా పనుందా? గడుసుపిల్ల అంటే పెద్దవాళ్ళకు ఎదురు చెప్పే పిల్ల అనుకుని తీసిన సినిమాలు బోలెడు. అలాంటిది చూసిన వారంపాటు ఇంట్లో ఎదురు సమాధానాలు తప్ప ఏమీ మిగలదు. ఏదో ఒక పని పట్టుకుని, అందులో తప్పులు చేస్తూ, తిట్లు తింటూ, దాన్ని వదలని పిల్ల అయితే మావాళ్ళు నోరు మెదపకుండా చూస్తారు.

ఆ లెక్కన కిట్‌ది మొదటి స్థానం. కథ 1934లో అమెరికాలోని సిన్సినాటి ఊళ్ళో జరుగుతుంది. 1929లో అక్కడ షేర్ మార్కెట్ కుప్పకూలింది, తర్వాత బ్యాంకులు మూతబడ్డాయి, 1933 నాటికి పనిచేయగల ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి పనిలేదు. మహా మాంద్యం అని మనం పుస్తకాల్లో చదువుకున్నది అదే. పిల్లలకు అంత చెప్పక్కర్లేదు. కిట్ వాళ్ళ నాన్న కార్ల వ్యాపారం పోతుంది. ఆయన పని వెతుక్కుంటూ షికాగో వెళ్తాడు. ఇల్లు నిలబెట్టుకోవడానికి అమ్మ గదులు అద్దెకిచ్చి, వచ్చినవాళ్ళకు వండిపెడుతుంది. పెరట్లో కోళ్ళు పెంచి గుడ్లు అమ్ముతారు. ఇవన్నీ చూస్తూ కిట్ మేడమీద టైపురైటర్ ముందు కూర్చుని రాస్తుంటుంది. తను రాసింది ఊరి పత్రికలో అచ్చు కావాలన్నది ఆమె పట్టు. ఆఫీసుకు వెళ్తుంది, సంపాదకుడు విసుక్కుంటాడు, మళ్ళీ వెళ్తుంది. మధ్యలో ఒక దొంగతనం, పొట్టకూటికి ఊళ్ళు పట్టి తిరిగే మనుషుల మీద నింద, అసలు దొంగ ఎవరో పట్టుకునే పని. పెద్దోడికి కావలసిన సస్పెన్స్, చిన్నోడికి కావలసిన కోళ్ళూ కుక్కా అన్నీ ఉన్నాయి.

మా ఇంట్లో ఈ సినిమా ఆగిపోయింది గుడ్ల దగ్గర. గుడ్లు అమ్ముకోవాల్సి వచ్చిందని కిట్ సిగ్గుతో చచ్చిపోతుంటుంది. ‘గుడ్లు అమ్మితే సిగ్గేందిమే దానికి?’ అంది అమ్మ. పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. నాకు ఎనిమిదో తరగతిలో రోజూ పొద్దున్నే పాలక్యాను పట్టుకుని కేంద్రానికి వెళ్ళే పని ఉండేది. దారిలో మా క్లాసు పిల్ల ఇల్లు. ఆ ఇంటి ముందుకి రాగానే క్యానును అవతలి చేతికి మార్చుకుని, లంగా మడతల్లో కనబడకుండా పట్టుకుని, గోడవారగా నడిచేదాన్ని. అమ్మకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఆ రాత్రి సినిమా ఆపి పిల్లలకు చెప్పాను. అమ్మ విని ‘అందుకేనా రోజూ సగం పాలు లంగా మీద పోసుకోనొచ్చేదానివి?’ అంది.

కోళ్ళదాణా సంచుల బట్టతో గౌను కుట్టే సంగతి కూడా ఇందులో ఉంది. అది నిజంగా జరిగిందే. ఆడవాళ్ళు సంచులు విప్పి బట్టలు కుడుతున్నారని తెలిసి కంపెనీలు పూల డిజైన్లు అచ్చువేసిన సంచుల్లో పిండీ దాణా అమ్మాయి. మన దగ్గర యూరియా సంచులు విప్పి వడ్లు ఆరబోసే పట్టాలు కుట్టుకున్నవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. మా చెల్లెలి భర్త కువైట్‌లో పనిచేస్తాడు. మన వైపు నుంచి అలా వెళ్ళినవాళ్ళున్న ఇళ్ళు ఎన్నో. నాన్న షికాగో వెళ్ళే సీను వచ్చినప్పుడు చెల్లెలి కూతురు, దానికి తొమ్మిదేళ్ళు, బొరుగుల గిన్నె కింద పెట్టేసి వెళ్ళి వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు. తర్వాత సినిమా అంతా కళ్ళార్పకుండా చూసింది. నాన్న దూరంగా ఉన్న పిల్లలుంటే ఈ సినిమా పెట్టొద్దని నేను అనను. పక్కన కూర్చోండి, అంతే. ఆ రాత్రి వీడియో కాల్‌లో అది వాళ్ళ నాన్నను ‘నీకు అక్కడ ఎవరు వండిపెడతారు?’ అని అడిగింది. అంతకుముందు ఎప్పుడూ అడగలేదట.

ఈ సినిమాలో ఒక వేషం కూడా ఉంది. ఎవరిదో చెబితే మజా పోతుంది. గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అన్నీ వారంపాటు చూసొచ్చిన మా పిల్లలు మాత్రం అందరికన్నా ముందే పట్టేశారు. ‘అది వేషమే అత్తా, నడక చూడు’ అన్నాడు తమ్ముడి కొడుకు. జాతరలో చీరలు కట్టిన మగవాళ్ళను చూసి పెరిగిన కళ్ళు కదా.

దీనిలో లోపం లేకపోలేదు. ఈ పాత్ర పుట్టింది బొమ్మలమ్మే కంపెనీ పుస్తకాల్లోంచి. అందుకే అంత కష్టకాలంలో కూడా ఇల్లు మరీ నీటుగా, బట్టలు మరీ ఇస్త్రీగా కనబడతాయి. దరిద్రం ఇంత శుభ్రంగా ఉండదని పెద్దోడే అన్నాడు. చిన్నపిల్లలతో కలిసి చూడ్డానికి ఆ శుభ్రమే మేలు అనుకుని నేను సర్దుకున్నాను. నిడివి 100 నిమిషాల చిల్లర. అమెరికాలో దీనికి ఇచ్చింది ‘జి’ సర్టిఫికెట్, అంటే ఏ వయసువాళ్ళయినా చూడొచ్చు.

ఇక ‘ఎ లిటిల్ ప్రిన్సెస్’. దీని సంగతి వేరు. ఇక్కడ పిల్ల చేసే పని కథలు చెప్పడం. మెక్సికోలో పుట్టిన అల్ఫోన్సో క్వారోన్ తీశాడు. నవల 1905 నాటిది, అందులో ఊరు లండన్. సినిమాలో దాన్ని మొదటి ప్రపంచయుద్ధం మొదలైన 1914కు, న్యూయార్క్‌కు మార్చారు. సారా అనే పిల్ల ఇండియాలో పెరుగుతుంది. నాన్న యుద్ధానికి వెళ్తూ ఆమెను న్యూయార్క్‌లో ఒక ఆడపిల్లల బడిలో చేర్చి వెళ్తాడు. డబ్బున్నన్నాళ్ళు రాజకుమారిలా చూస్తారు. నాన్న పోయాడని కబురొచ్చాక అటక మీదికి తోసి పనిపిల్లను చేస్తారు. అక్కడ కూడా ఆ పిల్ల కథలు చెబుతూనే ఉంటుంది. చెప్పే కథ ఏమిటో తెలుసా? రామాయణం.

అందుకే అవ్వాతాతలున్న ఇంటికి ఇది. సినిమా మొదలవడమే సీతారాముల కథతో. ఒళ్ళంతా నీలం రంగు పూసుకున్న రాముడు, అడవి, పది తలల రావణుడు. ఏ భాషలో మాట్లాడితేనేం, అమ్మకు అర్థమైపోయింది. సబ్‌టైటిల్ చదివే పెద్దోడితో ‘నువ్వు ఊరుకోరా, నాకు తెలుసు’ అంది. అంతలో సీత చుట్టూ రాముడే గీత గీశాడు. ఇల్లంతా ఒక్కసారి గొడవ. ‘రాముడు గీత గీయడమేంది? లక్ష్మణుడు యాడికి పొయినాడు?’ అని అమ్మ. వాళ్ళ సినిమాలో లక్ష్మణుడు లేనే లేడు.

పక్కింటి తాత సినిమాకని వచ్చి కుర్చీలో కూర్చున్నవాడు, వాల్మీకంలో అయితే లక్ష్మణుడు కూడా గీత గీయలేదన్నాడు. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణంలో ఉంది ఆ ఘట్టం, మనవాళ్ళ నోట బాగా నానింది అదే, అని ఆయన వివరం. అమ్మ ఒప్పుకోలేదు. పావుగంట సినిమా ఆగింది. మంచి పావుగంట అది.

తర్వాత సారా కథ తిరగబడి, చీకటి అటక మీద ఒంటరిగా పడేస్తారు. ఆ పిల్ల సుద్దముక్క తీసుకుని నేల మీద తన చుట్టూ తనే గీత గీసుకుని, అందులో ముడుచుకుని పడుకుని ఏడుస్తుంది. అమ్మ ఇందాకటి గొడవంతా మర్చిపోయింది. ‘గీత దాటొద్దు తల్లీ’ అంది టీవీతో.

ఇదంతా చెప్పాక లోపాలు చెప్పకపోతే అన్యాయం. ఇందులో ఇండియా అంటే ఏనుగులు, గుళ్ళు, పొగమంచు, తలపాగాలు. ఊళ్ళో మామూలు మనిషి ఒక్కడూ కనబడడు. పొరుగింట్లో పనిచేసే రామ్‌దాస్ అనే పాత్ర మాయలు చేసే సాధువులా ఉంటాడు. ‘మనం ఇట్లనే ఉంటామా?’ అని తమ్ముడి కూతురు అడిగింది. అడగనివ్వండి. ఆ ప్రశ్న కోసమైనా సినిమా చూపించొచ్చు. ఛాయాగ్రహణానికీ కళాదర్శకత్వానికీ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. ఆ ఆకుపచ్చ రంగు బడి చూస్తే ఎందుకొచ్చాయో తెలుస్తుంది. చివర్లో వానలో ఎత్తున రెండు మేడల మధ్య చెక్కమీద నడిచే సీను ఉంది, చిన్నోడు కళ్ళు మూసుకున్నాడు. ముగింపు నవలలో ఉన్నట్టు ఉండదు. సినిమాలోదే పిల్లలకు సుఖం. పుస్తకం చదివిన పెద్దపిల్లలు మాత్రం వాదనకు దిగుతారు.

కిట్టా సారానా అని నన్ను నిలబెట్టి అడిగితే, సారా సినిమా అందంగా ఉంటుంది, కిట్ సినిమా ఇంట్లో మిగులుతుంది. కిట్ చూసిన మర్నాడు మా పిల్లలు నాలుగు పేజీల పత్రిక రాశారు. ముఖ్యవార్త: మామిడికాయలు ఎవరు దొంగిలించారు. సారా చూసిన మర్నాడు ఏమీ రాయలేదు, కానీ రాత్రి కరెంటు పోయినప్పుడు చిన్నవాళ్ళకు కథ చెప్పడానికి ముగ్గురు పోటీపడ్డారు. మీ ఇంట్లో ఏది తక్కువగా ఉందో చూసుకుని పెట్టుకోండి.

‘ది సీక్రెట్ గార్డెన్’ ఇలా ఊరించదు. మొదట్లో ఆ పిల్ల మీద ఎవరికీ ఇష్టం కలగదు. మేరీకి పదేళ్ళు. ఇండియాలో ఆయాలు బట్టలు తొడిగితే తొడిగించుకోవడం తప్ప తనంతట తాను ఏమీ చేసుకోలేదు, ముఖం ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది. తల్లిదండ్రులు పోయాక ఇంగ్లండులో యార్క్‌షైర్ బీళ్ళ మధ్య ఉన్న మామూలు మనుషులు తిరగని పెద్ద బంగళాకు చేరుతుంది. 1911 నాటి నవలలో వాళ్ళు కలరాతో పోతారు, ఈ సినిమాలో భూకంపంలో. అక్కడ తాళం వేసిన తోట ఒకటి కనబడుతుంది. ఇక ఆ పిల్ల చేతికి మట్టి అంటుకుంటుంది. ఆ క్షణం నుంచి సినిమా మారిపోతుంది. గొంతులు తగ్గుతాయి, ముఖం విప్పారుతుంది, మొగ్గలు మన కళ్ళముందే విచ్చుకుంటాయి. పోలండ్ దర్శకురాలు అగ్నియెష్కా హాలండ్ తొందరపడకుండా తీసింది. కొంతమంది పిల్లలు ఆ నిదానానికి తట్టుకోలేరు. మావాళ్ళలో ఇద్దరు నిద్రపోయారు. మా అక్క కూతురు, మా ఇంట్లో అలకలకు పేరుపొందినది, ఒక్క మాట మాట్లాడకుండా చూసి మర్నాడు అవ్వ దగ్గర పాత కొడవలి అడిగింది. పెరట్లో జాజితీగ పాదు తవ్వింది. మూడోరోజుకు మానేసింది, అది వేరే సంగతి.

ఇందులో మంచం దిగని రోగిష్టి పిల్లవాడు కోలిన్ ఉన్నాడు. వాడు గోలపెడితే ఇంట్లో అందరూ వణుకుతారు, మేరీ ఒక్కతే వాడికన్నా గట్టిగా అరుస్తుంది. అమ్మకు నచ్చిన సీను అదే. వెంటనే వరస అడిగింది. ఈ సినిమాలో వాళ్ళ తల్లులిద్దరూ కవలలు. ‘అక్కచెల్లెండ్ల బిడ్డలు, అన్నాచెల్లెళ్ళు’ అని తేల్చేసి నిశ్చింతగా కూర్చుంది. నవలలోనైతే మేరీ తండ్రి, కోలిన్ తల్లి తోబుట్టువులు, అంటే మన లెక్కలో బావామరదళ్ళు. ఆ మాట నేను చెప్పలేదు, చెబితే సినిమా ఇంకో దారి పట్టేది.

ఇదే పేరుతో 2020లో ఇంకోటి వచ్చింది. దాంట్లో కథను 1947కు, దేశవిభజన రోజులకు జరిపారు. గ్రాఫిక్స్ ఎక్కువ, తోటపని తక్కువ. నా దృష్టిలో 1993దే సినిమా.

యాన్ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దీన్ని ప్రేమించేవాళ్ళు ఎలాగూ వెతుక్కుని చూస్తారు. పొలం పనికి మగపిల్లవాణ్ణి పంపమంటే పొరపాటున ఆడపిల్ల వచ్చింది, ఇదీ మొదలు. కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి. 1985లో టీవీ కోసం రెండు భాగాలుగా తీశారు, కలిపి మూడు గంటల పైనే. యాన్ నోరు మూయదు, అదే అందం, అదే చిక్కు. ఆ మాటలన్నీ సబ్‌టైటిల్స్‌లో పరిగెడుతుంటే పెద్దోడు చదివి చెప్పలేక చేతులెత్తేశాడు. అమ్మ నిద్రపోయి, బుట్టచేతుల గౌను వచ్చినప్పుడు లేచింది. ‘మీ అక్కకు కుట్టించినాను అట్లాంటి జాకెట్టు, పెండ్లికి’ అని మా అందరికీ ఎనభైల నాటి ఆల్బమ్ చూపించింది. జుట్టు ఆకుపచ్చగా మారడం, బడిలో వెక్కిరించినవాడి నెత్తిన పలక పగలగొట్టడం పిల్లలకు పండగ. రెండో భాగంలో ఒక చావు ఉంది, మనసుకు తగిలేలా ఉంటుంది. ఇంట్లో ఈమధ్య పెద్దవాళ్ళు పోయి ఉంటే కొన్నాళ్ళు ఆగండి.

‘లిటిల్ ఉమెన్’ పెట్టొచ్చు కదా అని అడుగుతారు. అది ఒక పిల్ల కథ కాదు, నలుగురు అక్కచెల్లెళ్ళది. పెళ్ళిళ్ళ దాకా వెళ్తుంది. పెట్టదలిస్తే 1994లో వచ్చింది పెట్టండి. 2019 నాటిది ముందుకీ వెనక్కీ దూకుతూ ఉంటుంది, పన్నెండేళ్ళలోపు వాళ్ళకు ఎప్పుడు ఏది జరుగుతోందో తెలియక బుర్ర తిరుగుతుంది.

ఇప్పుడు తెలుగు సంగతి. ఇది రాయడానికి నాకు కాస్త కష్టంగానే ఉంది. మనకు చరిత్ర సినిమాలు, పౌరాణికాలు బోలెడు. పిల్లలు ముఖ్యపాత్రలుగా ఉన్నవీ ఉన్నాయి. కానీ వాళ్ళు ప్రహ్లాదుడు, లవుడు, కుశుడు. 1967లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’లో ప్రహ్లాదుడి వేషం వేసింది రోజారమణి, అంటే ఆడపిల్ల. ఎస్వీ రంగారావు గర్జిస్తుంటే ఎదురుగా నిలబడి మాట్లాడిన ఆ చిన్నపిల్లను చూస్తే, ఇంత చేయగల పిల్లకు ఆడపిల్ల కథ ఒకటి రాయొచ్చు కదా అనిపిస్తుంది.

ఉన్నవాటిలో దగ్గరగా వచ్చేవి రెండు. ఒకటి ‘మల్లీశ్వరి’, 1951, బీఎన్ రెడ్డి దర్శకత్వం, భానుమతి, ఎన్టీఆర్. కృష్ణదేవరాయల కాలం. మొదట్లో పసివాళ్ళయిన మల్లి, నాగరాజు పల్లెలో తిరిగే భాగం ఇంటిల్లిపాదీ చూడదగింది. తర్వాత వాళ్ళు పెద్దవాళ్ళవుతారు, అది ప్రేమకథ, వేదన. పాటలు మా అమ్మకు సగం కంఠతా వచ్చు. దేవులపల్లి కృష్ణశాస్త్రి రాసినవి, సాలూరు రాజేశ్వరరావు బాణీలు. పిల్లలు ఎడ్లబండి పాట దాకా ఉత్సాహంగా ఉన్నారు, రాయలవారు పల్లకి పంపి మల్లిని రాణివాసానికి రప్పించుకునే భాగం వచ్చేసరికి నీళ్ళుగారిపోయారు. నేను మొదట్లో అన్న షరతు ఇదే: ఒకే రాత్రిలో మొత్తం చూపించాలనుకోకండి. పైగా నా లెక్క ప్రకారం చూస్తే మల్లి చేతుల్లో పని పెద్దగా లేదు. ఆమెకు జరిగేదే ఎక్కువ, ఉలి నాగరాజు చేతిలో ఉంటుంది. అయినా దీనికి ఇంకే సినిమాకూ లేని ఒక సౌకర్యం మాకుంది. మర్నాడే చంద్రగిరి తీసుకెళ్ళొచ్చు. విజయనగర రాజులు చివరి రోజుల్లో ఏలిన కోట, రాజమహల్ మ్యూజియం, తిరుపతి నుంచి బస్సులో అరగంట. కొండకు వెళ్తే మహాద్వారం దాటగానే రాయలవారు, తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాలై చేతులు జోడించి నిలబడి ఉంటారు. ‘పల్లకి పంపించింది ఈయనేనా?’ అని మావాడు క్యూలో గట్టిగా అడిగితే చుట్టుపక్కలవాళ్ళంతా తిరిగి చూశారు.

రెండోది 2015 నాటి ‘రుద్రమదేవి’. గుణశేఖర్ తీశాడు, అనుష్క నటించింది. గణపతిదేవుడి కూతుర్ని కొడుకుగా పెంచడమనే భాగం పిల్లల్ని పట్టేస్తుంది. కత్తి పట్టడం, గుర్రమెక్కడం, రహస్యం దాచుకోవడం, పని పుష్కలం. తర్వాత యుద్ధాలు, కుట్రలు, ప్రేమ పాటలు. పదేళ్ళు దాటినవాళ్ళకు ఓకే, చిన్నోడికి వద్దు. రంగనాథ రామాయణం రాసిన గోన వంశమే ఇందులో అల్లు అర్జున్ వేసిన గోన గన్నారెడ్డిదీ అని పక్కింటి తాత చెబితే, పెద్దోడు మొదటిసారి ఫోన్ పక్కన పెట్టి ఆయన వైపు తిరిగాడు.

ఈ రెండూ కుదరకపోతే సినిమా లేకుండా ఒక రాత్రి గడపండి. ఆడవాళ్ళను చెరపట్టే పాలెగాడిని గంగమ్మ వేషాలు మార్చి మార్చి వెతికి, దొర వేషంలో బయటికి రప్పించి తల తీసిన కథ ఈ ఊళ్ళో ఏ అవ్వనడిగినా చెబుతుంది. మా అమ్మ చెబితే గంటన్నర పడుతుంది, ఇంటర్వెల్ ఉండదు.

పెట్టేముందు చూసుకోవలసినవి కొన్ని. ఏ సినిమా ఏ యాప్‌లో ఉంటుందనేది నెలనెలా మారిపోతుంది. పిల్లలందరూ కూర్చున్నాక వెతకడం మొదలుపెడితే అరగంట గొడవే, ముందురోజు మధ్యాహ్నమే వెతికి పెట్టుకోండి. సబ్‌టైటిల్స్ చదివి తెలుగులో చెప్పే పని పన్నెండు దాటిన ఒకరికి అప్పగించండి. మా పెద్దోడు మొదట విసుక్కున్నాడు, ఇప్పుడు విలన్లకు చిత్తూరు యాస పెట్టి చెబుతున్నాడు, సగం నవ్వులు దానికే. సారా బడి పెద్దమ్మ మిస్ మించిన్ నోట ‘ఏందిమే ఆ చూపు?’ అని వస్తే అసలు డైలాగు ఎవరికి కావాలి. మన సెన్సారు 2024 నుంచి యూఏ సర్టిఫికెట్‌ను, అంటే పిల్లలు పెద్దల తోడుతో చూడదగ్గవాటికి ఇచ్చేదాన్ని, 7, 13, 16 ఏళ్ళని విడదీసింది కాబట్టి కొత్త సినిమాలకు ఆ అంకె చూస్తే చాలు. పాతవాటికి అలాంటిదేమీ ఉండదు, మొదటి పావుగంట మీరే ఒంటరిగా చూసుకోవాలి. నాలుగేళ్ళలోపు పిల్లలకు ఇవేవీ వద్దు, వాళ్ళను ముందే నిద్రపుచ్చండి. ఆపమన్నప్పుడల్లా ఆపండి. మా ఇంట్లో గుడ్ల దగ్గర, గీత దగ్గర ఆపకపోయి ఉంటే ఆ రెండు రాత్రులూ మామూలు రాత్రులే.

ఈ వేసవికి చిన్నోడికి ఆరు నిండాయి. లిస్టు మళ్ళీ మొదటినుంచి వేయాలి. మొదటి రాత్రి కిట్, ఎందుకంటే పత్రిక రెండో సంచిక బాకీ ఉంది. రెండో రాత్రి సారా, అది అవ్వ కోరిక. లక్ష్మణుడు యాడికి పొయినాడని ఆమె మళ్ళీ అడుగుతుందని అందరికీ తెలుసు. ఈసారి సమాధానం రెడీగా ఉందట, పిల్లలు వారం నుంచి ఫోన్లలో గుసగుసలాడుకుంటున్నారు, నాకు మాత్రం చెప్పడం లేదు.